కమిట్ చేయగానే ఆగిపోయే కర్సర్: సమస్య - పరిష్కారం

మిర్యాలగూడ రైస్ మిల్లులో ఏళ్ల తరబడి పోగైన ధాన్యం కాంటా చీటీలను పైథాన్‌లో సైకాప్జీ2 అనే లైబ్రరీ ద్వారా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి చదివి, రైతువారీగా లెక్కకట్టే ప్రోగ్రాం రాసేవారికి ఎదురయ్యే చిక్కులు ఇవి.

సమస్య: ప్రోగ్రాం మొదలైన కాసేపటికే మెమరీ నిండిపోతుంది.

కారణం: మామూలు కర్సర్ (క్వెరీ ఫలితాన్ని వరుసల వారీగా అందించే సాధనం) క్వెరీ నడిచిన వెంటనే ఫలితం మొత్తాన్ని మన కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటుంది, ఆ తర్వాత ఫెచ్‌వన్‌తో ఒక్కో వరుస అడిగినా భారం తగ్గదు.

పరిష్కారం: కర్సర్ తెరిచేటప్పుడు దానికి పేరు ఇస్తే ఫలితం సర్వర్ వద్దే ఉండి, ఫర్ లూప్‌లో 2000 వరుసల చొప్పున వస్తుంది. ఇక్కడ ఫెచ్‌వన్ వాడితే ప్రతి వరుసకూ సర్వర్ దాకా వెళ్లిరావాలి.

సమస్య: పేరు పెట్టాక, పని మధ్యలో ‘నేమ్డ్ కర్సర్ ఈజంట్ వాలిడ్ ఎనీమోర్’ (ఈ పేరున్న కర్సర్ ఇక చెల్లదు) అని ఆగిపోతుంది. ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే. ఎక్కడ ఆగిందో గమనిస్తే గుట్టు తెలుస్తుంది: 500 చీటీలకోసారి కమిట్ చేసే (అప్పటిదాకా రాసినదాన్ని డేటాబేస్‌లో ఖాయం చేసే) లూప్ సరిగ్గా 501వ చీటీ అడగ్గానే ఆగుతుంది.

కారణం: పేరున్న కర్సర్ ఆయుష్షు దాన్ని తెరిచిన ట్రాన్సాక్షన్‌తోనే ముగుస్తుంది. ట్రాన్సాక్షన్ అంటే ఒకే మూటగా సాగే డేటాబేస్ పని, కమిట్ దాన్ని ముగిస్తుంది.

పరిష్కారం: చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి చొప్పున రెండు కనెక్షన్లు పెట్టుకుని, రెండోదానిపైనే కమిట్ చేయాలి. అయితే చదివే ట్రాన్సాక్షన్ గంటల తరబడి తెరిచి ఉంటే, ఈలోగా తొలగించిన, మార్చిన వరుసల పాత రూపాలను డేటాబేస్‌లో చెత్త ఏరే వాక్యూమ్ తొలగించలేకపోతుంది. యాసంగి ధాన్యం లారీలు వరుసకట్టే రోజుల్లో ఇది మంచిది కాదు. కర్సర్ తెరిచేటప్పుడు విత్‌హోల్డ్ అనే ఎంపిక పెడితే కమిట్ తర్వాతా కర్సర్ బతుకుతుంది గానీ, తొలి కమిట్ వద్దే సర్వర్ ఫలితమంతా తయారుచేసి దాచుకోవాలి కనుక ఆ కమిట్ ఆలస్యమవుతుంది. పని ముగిశాక కర్సర్‌ను మనమే మూయాలి. కనెక్షన్లను పంచిపెట్టే పీజీబౌన్సర్ మధ్యలో ట్రాన్సాక్షన్ పద్ధతిలో నడుస్తుంటే విత్‌హోల్డ్ అసలు పనికిరాదు.

పెద్ద పట్టికలకు నా సలహా కర్సర్‌ను వదిలేయడమే. చీటీ నంబరుపై ఇండెక్స్ ఉంచి, చివరగా చూసిన నంబరు కన్నా పెద్దవైన 2000 చీటీలను వరుస క్రమంలో అడుగుతూ పోతే, ఎక్కడ కమిట్ చేసినా ఇబ్బంది లేదు. కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఒకే నంబరు మాత్రం రెండు చీటీలకు ఉండకూడదు. పైగా మధ్యలో ఎవరైనా తూకం సవరిస్తే లెక్కలో కొంత పాతది, కొంత కొత్తది కలుస్తుంది. ఆ తేడా కుదరని లెక్కలకు రెండు కనెక్షన్ల పద్ధతే సరైనది.

పేరున్న కర్సర్‌లో వరుసలు తెచ్చుకోకముందే రోకౌంట్ (వరుసల సంఖ్య) అడిగితే -1 వస్తుంది. మొత్తం సంఖ్య కావాలంటే వేరే కౌంట్ క్వెరీ రాయాలి. అదే కర్సర్‌పై రెండోసారి ఎగ్జిక్యూట్ చేయడం (క్వెరీ నడపడం) కుదరదు, కొత్తది తెరవాలి.