గోదావరి పెరగకముందే: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) బృందాలకు వానాకాలం జాగ్రత్తలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. చర్ల, దుమ్ముగూడెం, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో పనిచేసే ఆరోగ్య సిబ్బందికి ఈ అంకెలు కంఠతా వచ్చు. అయినా వానాకాలం ముందు జరిగే సమావేశాలు చాలాచోట్ల మందుల జాబితాతో మొదలై దానితోనే ముగుస్తాయి. మందులు కావలసిందే. కానీ వరదొస్తే ముందు రోడ్డు తెగుతుంది, ఆ తర్వాత ఫోను మూగబోతుంది. అప్పుడు ఊళ్లో ఉన్న ఏఎన్‌ఎం (ఉపకేంద్రం నర్సు) ఎవరినీ అడగకుండా ఏయే నిర్ణయాలు తీసుకోవచ్చో ఎండాకాలంలోనే తేల్చుకోవాలి.

అవి కాగితం మీద ఉండాలి, కింద వైద్యాధికారి సంతకం ఉండాలి. నోటిమాట చాలదు. వరద తగ్గాక “పడవ మాట్లాడమని నీకు ఎవరు చెప్పారు?” అని నిలదీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ సంతకం ఉంటేనే ఆమె ధైర్యంగా అడుగు వేస్తుంది.

గర్భిణుల విషయంలో ఇది మరీ ముఖ్యం. జూలై నుంచి సెప్టెంబరు వరకు కాన్పు తేదీ ఉన్నవారి పేర్లు ఊరివారీగా రాసుకోండి. రక్తహీనత, అధిక రక్తపోటు ఉన్నవారిని, గతంలో సిజేరియన్ అయినవారిని పైన ఉంచండి. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోటు మీదుంటే శబరి నీరు వెనక్కి తన్ని వాగుల్లోకి ఎక్కుతుంది, ఊళ్లో చినుకు పడకుండానే దారి మునుగుతుంది. అందుకే వాన చూసి బయలుదేరదామంటే కుదరదు, మొదటి హెచ్చరిక రాకముందే తరలింపు పూర్తవ్వాలి. నాట్ల రోజుల్లో ఇల్లు వదిలి రమ్మంటే అత్తగారు ఒప్పుకోరు. ఆ మాట చెప్పడానికి ఆశా కార్యకర్తను ఒంటరిగా పంపకండి. అంగన్‌వాడీ టీచరు, ఊరిపెద్ద వెంట వెళ్లాలి. కుదిరితే వైద్యాధికారి ఒక్కసారైనా ఆ గడప తొక్కాలి.

ఇక జ్వరాల లెక్క. “ఇన్ని కేసులు నీ ఊళ్లోనే ఎందుకొస్తున్నాయి?” అని సమావేశంలో నలుగురి ముందు గద్దిస్తే, వచ్చే వారం ఆ ఊరి నుంచి తక్కువ కేసులే నమోదవుతాయి. జ్వరాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు. అంటే కసురుకున్న ఒక్క సమావేశం ఖరీదు ఒక తరం దోమలు. ఎక్కువ కేసులు పట్టుకొచ్చిన కార్యకర్తను ముందు మెచ్చుకోండి, ప్రశ్నలు తర్వాత అడగవచ్చు. నా దృష్టిలో బృంద నాయకుడికి ఈ కాలంలో ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

మలేరియాలో చిక్కు వేరు. వైవాక్స్ రకం మలేరియా సోకిన రోగి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వేసుకోవాలి. మధ్యలో ఊరు ఖాళీ అయితే అతను పునరావాస కేంద్రానికి వెళ్తాడు, మందుల లెక్క రాసిన కార్డు ఇంట్లో తడిసిపోతుంది. ఎవరి రోగి ఎక్కడికి వెళ్లాడు, ఎన్నో రోజు మందు నడుస్తోంది అన్నది అక్కడి సిబ్బందికి అప్పగించే బాధ్యత ఒక పర్యవేక్షకుడికి పేరు పెట్టి ఇవ్వండి. “అందరూ చూసుకుంటారు” అంటే ఎవరూ చూడరు.

నీటి సంగతి పంచాయతీతో కలిసి చూడాలి. వీధుల్లో బ్లీచింగ్ చల్లితే ఫొటోలు బాగా వస్తాయి. తాగే నీటిలో క్లోరిన్ ఉందా లేదా అన్నది కుళాయి దగ్గర కొలిస్తేనే తెలుస్తుంది, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. విప్పి వదిలేసిన బ్లీచింగ్ బస్తాకు బలం ఉండదని పంచాయతీ కార్యదర్శికి గుర్తుచేయండి.

ఆశా కార్యకర్త ఉండేదీ ఆ ఊళ్లోనే, మునిగే ఇళ్లలో ఆమెదీ ఉంటుంది. ప్రతి కార్యకర్తకు బదులు పని చూసుకునే జతగా పక్క ఊరి నుంచి ఒకరి పేరు ముందే రాసిపెట్టండి, పిల్లలను ఎత్తు ప్రదేశానికి చేర్చుకోవడానికి ఆమెకు ఒక పూట వదలండి.

చివరిగా పాముకాటు. విషానికి విరుగుడు ఇంజెక్షన్లు వాగుకు ఇవతలే ఉంటే అవతలి ఊళ్లకు అవి లేనట్టే. ఆ ఇంజెక్షన్‌తో ఒక్కోసారి తీవ్ర ప్రతిచర్య వస్తుంది, కాబట్టి సీసాలు మాత్రమే పంపి చేతులు దులుపుకోకూడదు. వైద్యాధికారులు ఇద్దరుంటే వాగు పొంగే రోజుల్లో ఎవరు ఏ ఒడ్డున బస చేస్తారో జూన్ నెలలోనే తేల్చుకుని, ఆ సంగతి 108 సిబ్బందికి చెప్పి ఉంచండి.