ప్రమాదాల నివేదికలు చదవడం నేర్చుకుందాం – 4వ భాగం: ఏమీ జరగని రోజులు

పోయిన భాగంలో టైటానిక్ కాలపట్టిక మీ అంతట మీరే రాయమన్నాను. రాత్రి 11:40కి మంచుకొండ తగిలింది, 2:20కి ఓడ మునిగింది, మధ్యలో 2 గంటల 40 నిమిషాలు. అది రాయకపోతే ముందు రాసి రండి, ఎందుకంటే ఇవాళ కూడా పెన్నూ కాగితం కావాలి, చదువుకుంటూ పోతే ఈ పాఠం ఒంటబట్టదు.

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష షటిల్ చాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. ఏడుగురు చనిపోయారు. కుడివైపు బూస్టర్ (షటిల్‌ను పైకి నెట్టే పక్క రాకెట్) అతుకులో రబ్బరు రింగు సరిగ్గా మూసుకోకపోవడమే కారణమని తేలింది. బూస్టర్‌ను భాగాలుగా తయారుచేసి ఒకదానిమీద ఒకటి నిలబెడతారు. ఆ అతుకుల్లోంచి మండే వాయువు బయటికి రాకుండా చుట్టూ రెండు ఓ-రింగులు ఉంటాయి. బూస్టర్ వ్యాసం 3.7 మీటర్లు, రింగు మందం మాత్రం 7 మిల్లీమీటర్లే. అతుకు కాస్త తెరుచుకున్న క్షణంలోనే రింగు ఉబ్బి ఆ సందును మూసేయాలి. చలిలో రబ్బరు గట్టిపడి అంత వేగంగా ఉబ్బదు. విచారణ జరుగుతుండగా, విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను ఐసు నీళ్ళలో ముంచి అందరి ముందూ చూపించింది ఇదే.

ముందు రోజు రాత్రి షటిల్‌ను నడిపే నాసాకూ బూస్టర్ కంపెనీకీ మధ్య ఫోన్‌లో పెద్ద చర్చ జరిగింది. బూస్టర్ తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఎగరొద్దన్నారు. 1985 జనవరిలో అంత చలిలో ఎగిరినప్పుడు రింగుల వెనక నల్లటి మసి కనిపించింది, వాళ్ళ భయం అదే. అయితే 24 డిగ్రీల రోజున కూడా మసి వచ్చింది కదా అన్న మాట వచ్చింది. చలిలోనూ వచ్చి, వెచ్చగా ఉన్నప్పుడూ వస్తే, చలికీ దీనికీ సంబంధం ఏమున్నట్టు? చివరికి కంపెనీ పెద్దలు మాట మార్చుకుని సరే అన్నారు. ఇంజనీర్లు వద్దని గట్టిగానే చెప్పారు, అది మర్చిపోకండి. వాళ్ళ దగ్గర ఉన్న లెక్కను ఇంకెలా చూసి ఉండొచ్చు అన్నదే మనం నేర్చుకోవాల్సింది.

ఇప్పుడు కాగితం తీయండి. అడ్డంగా ఒక గీత గీసి 0 నుంచి 30 డిగ్రీల దాకా గుర్తులు పెట్టండి. రింగులు దెబ్బతిన్న ఏడు ప్రయాణాలకు గీత పైన చుక్కలు పెట్టండి: 12, 14, 14, 17, 21, 21, 24. కాసేపు చూడండి. చుక్కలు అటూ ఇటూ చెదిరి ఉన్నాయి, చలి వల్లే అని గట్టిగా చెప్పలేం. ఆ రాత్రి చర్చ కూడా ఇక్కడే ఇరుక్కుపోయింది.

ఇంకో పని మిగిలి ఉంది. అంతకుముందు జరిగిన 24 ప్రయాణాల్లో ఒకదాని బూస్టర్లు సముద్రంలో పోయాయి, మిగతా 23 ప్రయాణాలవి తీసి పరీక్షించారు. ఏడు పోగా 16 ప్రయాణాల్లో ఆ అతుకులకు ఏమీ కాలేదు. వాటికి గీత కింద సున్నాలు పెట్టండి. ఆ పదహారూ 19 నుంచి 27 డిగ్రీల మధ్యే ఉన్నాయి. 17 డిగ్రీలకు దిగువన ఒక్క సున్నా కూడా పడదు! 17, అంతకంటే చల్లగా ఉన్న నాలుగు ప్రయాణాల్లో నాలుగింటికీ దెబ్బ, 19 పైన ఉన్న పందొమ్మిదింటిలో మూడింటికే. సున్నాలు పెట్టకముందు ఇది కనపడలేదు, పెట్టాక దాన్ని చూడకుండా ఉండలేం. నేను మొదటిసారి ఇది గీసినప్పుడు చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

అంటే ఏ నివేదికలో అయినా "చెడు జరిగిన సందర్భాలు" అన్న పట్టిక కనిపించగానే, పక్కనే చెడు జరగని సందర్భాల పట్టిక ఎక్కడుందని వెతకాలి. లేకపోతే ఆ నివేదిక చెప్పే కారణాన్ని అప్పుడే నమ్మకండి.

రెండో విషయం చిన్నదే గానీ వదలకూడదు. మీ గీత మీద 2 డిగ్రీల దగ్గర వేలు పెట్టండి. ఎగిరిన సమయానికి గాలి ఇంచుమించు అంత చల్లగా ఉంది. అక్కడ చుక్కా లేదు, సున్నా లేదు. అన్నింటికంటే చల్లని ప్రయాణానికి కూడా పది డిగ్రీల దూరం. అంత దూరంలో ఏమవుతుందో పాత ప్రయాణాలు చెప్పలేవు, అందుకే గీత మీద చుక్కలు ఎక్కడ ఆగిపోయాయో కూడా రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఈ వారం అభ్యాసం. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఒక మామూలు సమస్య తీసుకోండి, తలనొప్పి కావచ్చు, ఫోన్ హ్యాంగ్ అవడం కావచ్చు. దేనివల్ల అని మీకు అనుమానం ఉందో అది, నిద్ర గంటలో ఫోన్ వేడో, పద్నాలుగు రోజులు రాయండి. సమస్య రాని రోజు కూడా తప్పకుండా రాయాలి, బద్ధకం వచ్చేది ఆ రోజే. తర్వాత గీత గీసి పైన చుక్కలు, కింద సున్నాలు పెట్టండి. వచ్చే భాగంలో 1940లో కూలిన టకోమా వంతెన దగ్గర ఆ కాగితంతోనే మొదలుపెడదాం.