లేట్‌గా లేచిన రోజు ఆఫీసులో అన్నీ తేడా కొడుతున్నాయా? సమస్య - పరిష్కారం

లేట్‌గా లేచిన రోజు ఆ లేట్ ఒక్కటే ఉంటే పర్లేదు, కానీ దాని వెనకాలే తప్పు మెయిల్ వెళ్తుంది, చార్జర్ ఇంట్లో ఉండిపోతుంది, కాల్‌లో మ్యూట్ తీసి ఉందని చూస్కోకుండా ఏదో అనేస్తాం, సాయంత్రానికి "పొద్దున్నే ఎవరి మొహం చూశానో" అని ఆ మొహం మీదకి తోసేస్తాం. పాపం ఆ మొహానికి ఏం సంబంధం లేదు. పోయిన టైమ్‌ని ఎలాగోలా లాగేద్దామని పడే కంగారులోంచే చాలావరకు ఇవన్నీ పుట్టేది. మీకేది జరిగిందో అక్కడికి వెళ్ళి చదువుకోండి.

సమస్య: అలారం పెట్టాను, మోగనే లేదు

ముందు ఫోన్‌ని అనుమానించండి. ఏఎమ్ బదులు పీఎమ్ పడటం అన్నిటికన్నా మామూలు, ఫోన్ టైమ్‌ని 24 గంటల పద్ధతికి మార్చేస్తే ఈ గొడవే ఉండదు. రెండోది రిపీట్, నిన్న ఒక్కరోజుకే పెట్టుంటారు. ఆండ్రాయిడ్‌లో రింగ్‌టోన్ సౌండ్ వేరు అలారం సౌండ్ వేరు, రింగ్ ఫుల్‌గా పెట్టుకుని అలారం సున్నాలో ఉందని చూస్కోరు. డు నాట్ డిస్టర్బ్‌లో అలారంలకి పర్మిషన్ తీసేసి ఉన్నా అంతే. ఐఫోన్‌లో సైలెంట్‌లో పెట్టినా అలారం మోగుతుంది గానీ, పక్క బటన్లతో సౌండ్ మారే ఆప్షన్ ఆన్‌లో ఉంటే రాత్రి చూస్కోకుండా బటన్ నొక్కి రింగర్‌తో పాటు దీన్నీ తగ్గించేసే ఛాన్స్ ఉంది, ఆ ఆప్షన్ ఆఫ్ చెయ్యండి. ఫేస్ ఐడీ ఉన్నవాటిలో ఇంకోటుంది, మీరు స్క్రీన్ వైపు చూస్తున్నారని కనిపెడితే సౌండ్ దానంతటదే తగ్గిపోతుంది, అటెన్షన్ అవేర్ అనే సెట్టింగ్.

రాత్రి ఫోన్ ఎలా పెట్టి పడుకుంటారో అచ్చంగా అలాగే పెట్టి, 2 నిమిషాల తర్వాతకి ఒక అలారం పెట్టి చూడండి. మోగితే ఫోన్ తప్పేం లేదు, కింద చదవండి.

సమస్య: మోగింది, నేనే ఆపేశానంట, గుర్తే లేదు

ఇది బద్ధకం కాదు. గాఢ నిద్రలోంచి లేపితే ఒళ్ళు ముందు లేస్తుంది, బుర్ర తర్వాత లేస్తుంది. స్లీప్ ఇనర్షియా అంటారు, మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు ఉంటుంది, ముందు రోజుల నిద్ర బాకీ ఉంటే ఇంకాసేపు లాగుతుంది. ఆ మత్తులో చెయ్యి అలవాటుగా బటన్ నొక్కేస్తుంది, అది గుర్తుండదు కూడా. కాబట్టి తెల్లారి పట్టుదల మీద నమ్మకం పెట్టుకోవడం దండగ, రాత్రే ఏర్పాటు చేస్కోవాలి. ఫోన్ మంచానికి చెయ్యి అందనంత దూరంలో, వీలైతే లైట్ స్విచ్ పక్కన. లేచి వెళ్ళి ఆపి అదే చేత్తో లైట్ వెయ్యడం, అంతే. లెక్క చేస్తేగానీ ఆగని అలారం యాప్‌లు కూడా ఉన్నాయి, పక్కన పడుకునేవాళ్ళ ఓపికని బట్టి వాడండి.

స్నూజ్ సంగతి. ఐఫోన్‌లో మనం మార్చకపోతే 9 నిమిషాలు, మూడుసార్లు నొక్కితే 27 నిమిషాలు ముక్కలు ముక్కలుగా పోయినట్టే. ఆ 27 నిమిషాలు ఏకధాటిగా పడుకుని, నిజంగా లేవాల్సిన టైమ్‌కే ఒక అలారం పెట్టుకోవడం నయం.

సమస్య: మిగతా రోజులు ఓకే, సోమవారమే లేవలేను

శుక్ర, శనివారాలు 2 దాకా మేలుకుని మధ్యాహ్నం దాకా పడుకుంటే ఒంట్లో గడియారం వెనక్కి జరిగిపోతుంది, సోమవారం 6:30కి లేవమంటే దానికి అది అర్ధరాత్రి కింద లెక్క. జర్మనీకి చెందిన టిల్ రోనెబెర్గ్ అనే నిద్ర పరిశోధకుడు, ఇంకొందరు కలిసి 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టారు. సెలవు రోజు కూడా రోజూ లేచే టైమ్‌కి గంట అటూ ఇటూగా లేవండి, లేవగానే కాసేపు ఎండ మొహాన పడనివ్వండి, నిద్ర చాలకపోతే మధ్యాహ్నం ఒక చిన్న కునుకు తీయండి. కాఫీ సాయంత్రం ఆపేయండి, ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పెద్దవాళ్ళకి కనీసం 7 గంటల నిద్ర కావాలి, 5 గంటలు పడుకుని అలారంని తిడితే లాభం లేదు.

సమస్య: కళ్ళు తెరిచేసరికి ఆఫీసు టైమ్ దాటిపోయింది

అసలు కథంతా ఇక్కడే చెడుతుంది. లేట్ ఎలాగూ అయిపోయింది, ఇప్పుడు పరిగెత్తితే కలిసొచ్చేది మహా అయితే 10 నిమిషాలు, ఆ 10 నిమిషాల కోసమే తాళాలు మర్చిపోవడం, బండి మీద సిగ్నల్ దూకడం, చొక్కా తిరగేసి తొడుక్కోవడం.

బ్రష్ కన్నా ముందు ఒక మెసేజ్ పెట్టండి. నాలుగు పేరాల సంజాయిషీ వద్దు. "లేట్‌గా లేచాను, సారీ. 10:45కి వస్తాను. 10 గంటల కాల్ నేను లేకుండా మొదలుపెట్టండి, రిపోర్ట్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది." ఎందుకు, ఎప్పుడొస్తారు, మీ వల్ల ఏది ఆగుతుంది, ఈ మూడూ ఉంటే చాలు. టైమ్ చెప్పేటప్పుడు మీకు తోచినదానికి ఇంకో 15 నిమిషాలు కలపండి, 10:30 అని చెప్పి 10:45కి వస్తే ఒకే రోజు రెండుసార్లు లేట్ అయినట్టు. టైర్ పంక్చర్, ట్రాఫిక్, ఇంట్లోవాళ్ళకి ఒంట్లో బాలేదు లాంటి కథలు వద్దు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవరో ఒకరు "ఏ టైరు?" అని అడుగుతారు, అప్పుడు ఇంకో కథ అల్లాలి. ఆ మెసేజ్ వెళ్ళాక మామూలుగా స్నానం చేసి మామూలుగా బయల్దేరండి.

సమస్య: రాగానే పంపిన మెయిల్ తప్పు మనిషికి వెళ్ళింది

కారణం పైన చెప్పిన కంగారు, నిద్ర బాకీ ఉంటే ఇంకా వదలని మత్తు కూడా. అందుకే ఆఫీసుకి వచ్చిన మొదటి గంటలో వెనక్కి తీసుకోలేని పనులు పెట్టుకోకండి, డిలీట్ చెయ్యడం, డబ్బు అప్రూవ్ చెయ్యడం, క్లయింట్‌కి మెయిల్, ఇవన్నీ తర్వాత. చదవడం, నోట్స్ సర్దుకోవడం లాంటివి ముందు. తప్పదంటే అడ్రస్ గడి ఖాళీగా ఉంచి మెయిల్ మొత్తం రాసి, ఫైల్ తగిలించి, చివర్లో పేరు వెయ్యండి. జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, సెట్టింగ్స్‌లో 30 సెకన్లకి మార్చుకోవచ్చు, ఇవాళే మార్చేయండి. ఆల్రెడీ వెళ్ళిపోతే అవుట్‌లుక్‌లో మెయిల్ వెనక్కి లాగే రీకాల్ నొక్కుతూ కూర్చోవద్దు, బయటి కంపెనీకి వెళ్ళినదాని మీద అది పని చెయ్యదు. "ఇందాకటిది పొరపాటున వచ్చింది, డిలీట్ చేయగలరు" అని ఒక్క లైన్ పెట్టండి, లోపల వేరేవాళ్ళ వివరాలు ఉంటే మేనేజర్‌కి కూడా వెంటనే చెప్పండి.

సమస్య: కాఫీ లాప్‌టాప్ మీద ఒలికింది

తుడిచే ముందు చార్జర్ పీకండి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చెయ్యండి, మూత తెరిచి బోర్లించండి. పని చేస్తుందేమో చూద్దామని ఆన్ చేయకండి, లోపల తడి ఉండగా కరెంట్ వెళ్తేనే బోర్డు పోతుంది. హెయిర్ డ్రయర్ వేడి గాలి వద్దు, బియ్యంలో పెట్టడం కూడా వద్దు. కంపెనీదైతే ఐటీ వాళ్ళకి అప్పుడే చెప్పండి, పాలూ చక్కెరా కలిసినదైతే ఆరాక కూడా కీలు అతుక్కుపోతాయి.

(చార్జర్, ఐడీ కార్డ్ మర్చిపోయేవాళ్ళు రాత్రే బ్యాగ్ సర్ది తలుపు దగ్గర పెట్టుకోండి, దీనికి ఇంతకన్నా వైద్యం లేదు.)

సమస్య: లేట్ అయినదంతా కవర్ చేద్దామని రాత్రి దాకా కూర్చుంటున్నా

అలా కూర్చుంటే రేపు కూడా ఇదే రోజు రిపీట్ అవుతుంది. 17 గంటలు ఏకంగా మేలుకుని ఉంటే పనితనం రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లోనే చూపించారు. 9కి లేచి 2 దాకా కూర్చుంటే సరిగ్గా 17 గంటలు. ఆ టైమ్‌లో చేసిన ఎక్సెల్ షీట్ పొద్దున మళ్ళీ చేస్కోవాల్సిందే. రేపటికి ఆగని పని ఒక్కటి తేల్చి, మిగతావి ఎప్పటికిస్తారో సంబంధించినవాళ్ళకి చెప్పేసి రోజూ పడుకునే టైమ్‌కి పడుకోండి.

సమస్య: ఎప్పుడో ఒకసారి కాదు, వారంలో రెండు మూడు సార్లు ఇదే

సరిపడా పడుకుంటున్నా ఇలా అవుతుంటే అలారంలు మార్చుకుంటూ కూర్చోకండి. గురక, నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడటం, లేవగానే తలనొప్పి ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) అయ్యుండొచ్చు, థైరాయిడ్ హార్మోన్ తగ్గినా డిప్రెషన్ ఉన్నా కూడా ఇలాగే ఉంటుంది, కొన్ని జలుబు, ఎలర్జీ మాత్రల మత్తు కూడా మర్నాటి దాకా వదలదు. ఒక రెండు వారాలు ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఏం మాత్రలు వేసుకున్నారు అనేది రాసి పెట్టుకుని ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. గురక పెడుతున్నారో లేదో ఇంట్లోవాళ్ళని అడగండి, ఒక్కరే ఉంటే రాత్రి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పడుకోండి.