సైలెన్సర్ మార్చే ముందు ఇంజన్ సంగతి చూడండి

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ సాయంత్రం పూట కాసేపు నిలబడితే చాలు, సైలెన్సర్ మార్చి చెవులు చిల్లులు పడేలా మోగే బైకులు వరసగా పోతుంటాయి. వాటిల్లో చాలావాటికి పికప్ పెరగలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. సౌండ్ ఒక్కటే కావాలంటే ఇక్కడ చెప్పేది మీకు పనికిరాదు. బండి నిజంగా లాగాలంటే మాత్రం పని ఒక వరసలో చేయాలి, ఆ వరస తప్పితే డబ్బులూ పోతాయి, ఇంజనూ పోతుంది.

ముందు, కంపెనీ ఇచ్చిన పవర్ మొత్తం ఇంకా ఉందో లేదో చూడండి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి, బిగుసుకుని వెంటనే ఆగిపోతే బ్రేకో బేరింగో పట్టేస్తున్నట్టు. పై గేరులో 40, 50 స్పీడు మీద పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పండి. ఇంజన్ అరుస్తుంది కానీ స్పీడు మాత్రం పెరగదు అంటే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, ఆ ప్లేట్లతో ఎంత పవర్ పెంచినా చక్రం దాకా రాదు. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, ఇంజన్ పూర్తిగా చల్లారాక సెట్ చేయించండి (కార్బరేటర్ ఉన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి వాటంతట అవే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు, దానికి ఈ పని లేదు). గేజ్ పెట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూపించుకోండి. అది పడిపోయి ఉంటే సైలెన్సర్ ఆలోచన పక్కన పెట్టి రింగులు, వాల్వుల సంగతి చూడాలి.

ఎయిర్ ఫిల్టర్ బాక్సు పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టమనేవాళ్లు చాలామంది ఉంటారు. మన దగ్గర వద్దు. చీమకుర్తి క్వారీల వైపు ఒక్కసారి వెళ్లొచ్చి ట్యాంకు మీద వేలితో రాసి చూడండి, ఆ గ్రానైట్ దుమ్ము సిలిండర్‌లోకి పోతే పిస్టన్ రింగుల్నీ బోర్‌నీ (సిలిండర్ లోపలి గోడని) అరగదీసేస్తుంది. బాక్సు అలాగే ఉంచి మంచి ఫిల్టర్ వేసుకుని, త్వరత్వరగా మార్చుకుంటూ ఉంటే చాలు.

తక్కువ ఖర్చులో పికప్ తేడా తెలిసే పని చైన్ స్ప్రాకెట్. ముందు స్ప్రాకెట్ 15 పళ్లది తీసి 14 పళ్లది వేస్తే వెనక చక్రానికి లాగే బలం దాదాపు 7 శాతం పెరుగుతుంది, అదే ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీద స్పీడు కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఊళ్లో తిరిగేవాళ్లకీ, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని మట్టిరోడ్ల మీద పోయేవాళ్లకీ బాగుంటుంది. రోజూ హైవే మీద కావలి, ఒంగోలు పోయి వచ్చేవాళ్లయితే ఇంజన్ అరుపుకి విసుగొస్తుంది, వాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇప్పుడు సైలెన్సర్. పొగ సులువుగా బయటికి పోతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది, ఆ గాలికి తగ్గ పెట్రోలు కూడా పడితేనే పవర్. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి (ఇథనాల్ కలవనిదైతే) 14.7 పాళ్ల గాలి, గట్టిగా లాగాలంటే 13కి కాస్త అటూ ఇటూ ఉండాలి. జెట్టు (కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ముక్క) మార్చకుండా ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగని పెద్దగా అడ్డుకోనిది) బిగిస్తే పెట్రోలు చాలక పిస్టన్, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయే పరిస్థితి వస్తుంది, అందులోనూ రోహిణి కార్తె ఎండల్లో గాలికి చల్లారే ఇంజన్‌కి అసలే ఊపిరాడదు. పైపు లావైతే పవర్ పెరుగుతుందనేది కూడా తప్పు. మరీ లావైతే పొగ వేగం తగ్గిపోయి తక్కువ ఆర్‌పీఎమ్ మీద లాగదు. బిగించేటప్పుడు పైపు ఇంజన్ హెడ్‌కి కలిసే చోట గాస్కెట్ కొత్తది వేయాలి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటా పేలుతుంటే ముందు ఆ జాయింట్ దగ్గరే లీకు వెతకండి.

కార్బరేటర్ బండికి మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచి స్పార్క్ ప్లగ్ రంగు చూడండి. కొత్త ప్లగ్ వేసి, జనం లేని చోట మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ మీద కాసేపు లాగించి, క్లచ్ పట్టి అదే క్షణంలో ఇంజన్ ఆపేసి, బండి నిలిచాక ప్లగ్ విప్పాలి. స్లోలో ఇంటిదాకా తెచ్చి విప్పితే కనపడేది స్లో రంగే. ఇప్పటి పెట్రోలుకి పింగాణీ మొత్తం రంగు మారదు, టార్చి వేసి లోపల అడుగుభాగం చూడండి. సన్నటి గోధుమరంగు వలయం ఉంటే సరిపోయింది, తెల్లగా ఎండినట్టుంటే పెట్రోలు చాలట్లేదు, తడి మసి పట్టి ఉంటే ఎక్కువైంది. మేలో సెట్ చేసిన జెట్టుని సంక్రాంతి చలిలో మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, అప్పుడు అదే జెట్టుతో వచ్చే పెట్రోలు చాలదు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో చాలావాటికి కార్బరేటర్ ఉండదు కాబట్టి ఈ జెట్టు గొడవ లేదు. కానీ పొగని చూసి పెట్రోలు సర్దించే ఆక్సిజన్ సెన్సర్ మామూలు స్పీడులోనే పనికొస్తుంది, ఫుల్ యాక్సిలరేటర్‌లో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తనలో ఉన్న మ్యాప్, అంటే పెట్రోలు లెక్కల పట్టిక ప్రకారమే పోతుంది, కాబట్టి మ్యాప్ మార్చకుండా ఫుల్ సిస్టమ్ (ఇంజన్ నుంచి చివరిదాకా మొత్తం పైపు) వేయొద్దు. కాటలిటిక్ కన్వర్టర్‌నీ (పొగలోని కాలుష్యం తగ్గించే భాగం) సెన్సర్‌నీ కదపకుండా వెనక చివర ఉండే సైలెన్సర్ డబ్బా ఒక్కటే మార్చడం (దీన్నే స్లిప్ ఆన్ అంటారు) మేలు, పవర్ మాత్రం పెద్దగా పెరగదు, బరువు తగ్గుతుంది.

బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) పెంచడం గురించి అందరూ అడుగుతారు. పాత క్లాసిక్ 350 బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే పొడవు) 90, అంటే 346 సీసీ. బోర్ 71 చేస్తే 356 సీసీ అవుతుంది. ఇంజన్ దించి, లేత్ పని చేయించి, కొత్త పిస్టన్ కొంటే వచ్చేది 10 సీసీ, మూడు శాతం కూడా లేదు! బోర్ అరిగిపోయినప్పుడు ఎలాగూ చేయించాలి, అప్పుడు మాత్రం కొత్త పిస్టన్ చేతికొచ్చాకే సిలిండర్‌ని లేత్ షాపుకి ఇవ్వండి, పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు కోయాలి గానీ డబ్బా మీది నంబర్ చూసి కోయకూడదు. కోశాక పైన, మధ్యలో, కింద మూడు చోట్లా మీ ఎదుటే కొలిపించుకోండి. ఆర్15, డ్యూక్ 390 లాంటి వాటి సిలిండర్లు మామూలు బోరింగ్‌కి పనికిరావు, వాటి జోలికి పోనివ్వకండి.

చట్టం సంగతి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. సౌండ్, పొగ హద్దు దాటితే 190(2) కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. కాబట్టి ఫ్రీ ఫ్లో లాంటి పనులు ట్రాక్ మీద తిప్పే బండికే ఉంచుకోండి. విప్పిన కంపెనీ సైలెన్సర్‌ని పాత ఇనుముకి వేయకండి, లోపలా బయటా కాస్త ఆయిల్ పట్టించి గోనెసంచిలో చుట్టి పెట్టండి, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఊరికే వదిలేస్తే ఒక్క వానాకాలానికే తుప్పు తినేస్తుంది.