తిరుపతిలో వాన ముంచకముందే వంక, చెరువు, బోరు రెడీ చేసుకునేదెట్లా

మనకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడేదే, కాబట్టి పని వినాయక చవితికి మొదలుపెడితే దసరా లోపల అయిపోవాలి. 2021 నవంబర్‌లో చూశాం కదా, శేషాచలం కొండల మీద పడ్డ నీళ్ళు కపిలతీర్థం మీదుగా ఊళ్ళోకి దూకాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకి లీకేజీ పడి కింద ఊళ్ళు ఖాళీ చేయించారు, అటు చిత్తూరులో నీవా నది కూడా పొంగింది. ఎండాకాలం వస్తే మళ్ళీ ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడేదీ మనమే. కొండ నీళ్ళు చెరువుకి పోయే దారి మూసేసుకున్నాం, అందుకే రెండు కష్టాలూ.

ముందు మీ వీధి నీళ్ళు ఎటు పోతాయో కాలవ వెంబడి చివరిదాకా నడిచి చూడండి. వంక ఎక్కడ సన్నబడిందో, కల్వర్టు కింద కంప, ప్లాస్టిక్ కవర్లు, ఇళ్ళు పగలగొట్టిన మట్టి ఎక్కడ అడ్డం పడిందో ఫోటోలు తీయండి. సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబర్ కొలతల పటం) తీసుకుంటే వంక పోరంబోకు అసలు వెడల్పు తెలుస్తుంది, ఆ సర్వే నంబర్ రాసి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నోటిమాటగా చెప్తే ఎవరూ కదలరు. ఇంకోటి, పూడిక తీసి గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకే అదంతా మళ్ళీ కాలవలో పడుతుంది, అదే రోజు ట్రాక్టర్‌లో ఎత్తించేయాలి.

చెరువు దగ్గర అన్నిటికన్నా ముఖ్యం మొరవ, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు బయటికి పారే దారి. నీళ్ళు ఇంకొంచెం నిలుస్తాయని, చేపలు పోకూడదని మొరవకి ఇసుక మూటలు అడ్డం పెడతారు చూడండి, దయచేసి అది మాత్రం చేయనివ్వద్దు, మొరవ పారకపోతే నీళ్ళు కట్ట మీదెక్కి కట్టే తెగిపోతుంది. మనవి ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లోకి పారే గొలుసుకట్టు చెరువులు, పైది తెగితే కిందిది కూడా ఆగదు. కట్ట వెనక వైపు ఊట తేటగా వస్తుంటే కాపలా పెట్టి చూస్తూ ఉండండి, బురదగా వస్తుంటే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, వెంటనే ఇరిగేషన్ వాళ్ళకి, తహసీల్దార్‌కి ఫోన్ చేసి కింద ఇళ్ళవాళ్ళని లేపాలి. పూడిక మట్టి పర్మిషన్‌తో రైతులు పొలాలకి తోలుకోవచ్చు, కానీ కట్ట అడుగుకి ఆనుకుని మాత్రం తవ్వకూడదు.

ఇంక ఇళ్ళ సంగతి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 9,000 లీటర్లు, అదంతా రోడ్డు మీదకి వదిలేస్తున్నాం. కాలనీ బోరు చుట్టూ గుంత తీసి, కేసింగ్‌కి (బోరు బయటి పైపుకి) ఆ గుంత లోతులో చిల్లులు పెట్టించి సన్న జాలీ గట్టిగా చుట్టి, అడుగున పెద్ద రాళ్ళు, ఆపైన కంకర, పైన ఇసుక నింపి నాలుగైదు మిద్దెల పైపులు అందులోకి కలిపితే వాడలో అందరి బోర్లకీ ఎంతో కొంత ఊట పెరుగుతుంది. డ్రైనేజీ నీళ్ళు, రోడ్డు నీళ్ళు మాత్రం చుక్క కూడా పోనివ్వద్దు, ఒకసారి బోరు పాడైతే బాగుచేయడం చాలా కష్టం. మొదటి వాన మిద్దె మీద దుమ్మంతా కడిగేస్తుంది కాబట్టి ఆ నీళ్ళు బయటికి వదిలేసేలా పైపుకి ఒక వాల్వ్ పెట్టించండి, పై ఇసుక ఏటా తీసి కడిగి వేయండి.