హిమోగ్లోబిన్ రిపోర్టు చదవడం హైస్కూలు పిల్లలకు ఎలా నేర్పాలి

రిపోర్టు చేతికి రాగానే పిల్లల చూపు అంకె పక్కనున్న ‘ఎల్’ (తక్కువ) మీదో ‘హెచ్’ (ఎక్కువ) మీదో పడుతుంది. ఆ అక్షరం వేసేది ల్యాబ్‌లోని మిషను. అందులో పెద్దవాళ్ల హద్దులే పెట్టి ఉంటే, పదమూడేళ్ల పిల్లాడి రక్తాన్ని కూడా వాటితోనే పోల్చి ‘తక్కువ’ అంటుంది. పాఠం ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు రెండు పీరియడ్లు చాలు.

తరగతిలో ఏ పిల్లల సొంత రిపోర్టూ వాడకండి. బడిలో పరీక్షలు జరిగి జాబితా మీ చేతిలో ఉన్నా అది బోర్డు మీదికి రాకూడదు. ఒకసారి ‘రక్తం లేని పిల్ల’ అని పేరు పడితే అది ఆ ఏడాదంతా పోదు. బదులుగా నాలుగు కల్పిత రిపోర్టులు రాయండి:

13 ఏళ్ల అమ్మాయి – 11.4
13 ఏళ్ల అబ్బాయి – 12.4
16 ఏళ్ల అబ్బాయి – 12.4
11 ఏళ్ల అమ్మాయి – 11.7

నాలుగింటి మీదా ‘నార్మల్ 13–17’ అనీ, పక్కన ‘ఎల్’ అనీ వేయండి. నలుగురేసి పిల్లలకు ఒక సెట్టు ఇచ్చి, ఎవరికి రక్తహీనత ఉందో పది నిమిషాల్లో తేల్చమనండి. దాదాపు అందరూ నలుగురికీ ఉందంటారు. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు బోర్డు మీద రాయండి: 5–11 ఏళ్లకు 11.5, 12–14 ఏళ్లకు 12, పదిహేను నిండిన అమ్మాయిలకు 12, అబ్బాయిలకు 13. ఇవన్నీ 100 మి.లీ. రక్తంలో గ్రాముల లెక్క. హద్దు కంటే తగ్గితేనే రక్తహీనత. ఇప్పుడు చూస్తే మొదటి అమ్మాయికీ, పదహారేళ్ల అబ్బాయికీ మాత్రమే ఉంది. అదే 12.4 ఒకరికి సరిపోయింది, ఇంకొకరికి చాలలేదు. అబ్బాయిల హద్దు ఎందుకు పెరిగిందని తప్పక అడుగుతారు. యుక్తవయసులో పెరిగే టెస్టోస్టెరాన్ ఎర్ర రక్తకణాల తయారీని పెంచుతుందని నేరుగా చెప్పండి. నెలసరిలో ఐరన్ పోతుందన్న మాట కూడా అక్కడే, గొంతు తగ్గించకుండా చెప్పాలి.

తీవ్రత గుర్తుంచుకోవడం సులువు. 11 కంటే తగ్గితే మధ్యస్థం, 8 కంటే తగ్గితే తీవ్రం. ఐదేళ్లు దాటిన పిల్లలకు ఈ రెండు అంకెలూ మారవు.

రెండో పీరియడు అంకె ఎలా తప్పుతుందన్న దానికి. ఒకే అమ్మాయికి వేలి చుక్కతో 10.8, చేతి నరం నుంచి తీస్తే 11.9 వచ్చిందని చెప్పి కారణం ఊహించమనండి. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండితే కణాల మధ్య ఉండే నీరు కూడా కలిసి చుక్క పలచబడుతుంది. స్పిరిటు ఆరకముందే పొడిచినా, మొదటి చుక్క తుడవకపోయినా తేడా వస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడైతే రక్తం చిక్కబడి అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

హిమోగ్లోబిన్ తగ్గిందని అంకె చెబుతుంది గానీ, ఎందుకు తగ్గిందో చెప్పదు. పదో తరగతి వాళ్లకు ‘ఎంసీవీ’ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) వరుస కూడా చూపండి. కణాలు చిన్నవైతే ఐరన్ లోపం కావచ్చు, తల్లిదండ్రుల నుంచి జన్యువులో వచ్చిన తలసీమియా (హిమోగ్లోబిన్ తయారీలో లోపం) కూడా కావచ్చు. రెండోదైతే ఐరన్ మాత్రలు మింగినంత మాత్రాన కణాల సైజు మారదు.

తిండి దగ్గర లెక్క చేయించండి. జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎంఆర్–ఎన్ఐఎన్) 2020 సిఫారసు ప్రకారం 13–15 ఏళ్ల అమ్మాయికి రోజుకు 30 మి.గ్రా. ఐరన్ కావాలి. 100 గ్రాముల రాగుల్లో ఉన్నది సుమారు 4.6 మి.గ్రా. మొత్తం రాగులతోనే రావాలంటే 650 గ్రాములు తినాలి! బీట్‌రూట్ ఎర్రగా ఉన్నా 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం కలిస్తేనే లెక్క దగ్గరకు వస్తుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, తర్వాత జామకాయ తింటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే అది తగ్గుతుంది.

బడిలో ఇచ్చే నీలం మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వారానికి ఒకటి చొప్పున ఇచ్చేది రక్తహీనత రాకుండా. వచ్చాక చికిత్సకు మోతాదు వేరు, అది డాక్టరు చెప్పాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది కాబట్టి భోజనం తర్వాతే వేయించండి. మలం నల్లగా వస్తే భయం లేదని ముందే చెప్పండి. చెప్పకపోతే మరుసటి వారం మాత్ర కిటికీ బయట పడుతుంది.

ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐలోనూ, పిల్లలను పెద్దల హద్దులతో పోల్చే పొరపాటే జరుగుతుంది. 13 ఏళ్ల అబ్బాయి ఎత్తు 150 సెం.మీ., బరువు 37 కిలోలు అనుకోండి. ఎత్తును మీటర్లలోకి మార్చాలి: 1.5 × 1.5 = 2.25, 37 ÷ 2.25 = 16.4. పెద్దల పట్టికలో 18.5 కంటే తక్కువ కాబట్టి ‘బరువు తక్కువ’ అని వస్తుంది. ఆ వయసు అబ్బాయిల పట్టికలో కింది హద్దు 14.9, అంటే ఈ అబ్బాయి సరిగ్గానే ఉన్నాడు. తరగతిలో ఎవరినీ కాటా ఎక్కించకండి, కల్పిత కొలతలు చాలు.

షుగర్ రిపోర్టులో మొదట చూడాల్సింది పరగడుపునా, తిన్నాకా అన్నది. పరగడుపున 100 (100 మి.లీ. రక్తంలో మిల్లీగ్రాముల లెక్క) లోపు మామూలు, 126 గానీ ఆ పైన గానీ వస్తే మళ్లీ పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. విదేశాల్లోని బంధువుల రిపోర్టులో 5.5 అని కనిపిస్తే అది వేరే యూనిట్ (లీటరుకు మిల్లీమోల్), 18తో హెచ్చిస్తే మన లెక్కలో 99.

పాఠం అయ్యాక ఎవరో ఒకరు సొంత రిపోర్టు పట్టుకుని మీ దగ్గరికి వస్తారు. పక్కకు తీసుకెళ్లి చూడండి. రోగం పేరు మీరు చెప్పొద్దు. 8 కంటే తక్కువ ఉన్నా, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ అంటున్నా ఆ రోజే ఇంటికి కబురు పెట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. హద్దు కంటే కొద్దిగా తగ్గినా డాక్టరుకు చూపించాల్సిందే, కాకపోతే ఆ వారంలో వెళ్లినా సరిపోతుంది. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లమనండి.