ఫైబర్ డబ్బా ఒక్కటే చాలా, వేరే రౌటర్ కొనాలా?

ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకుంటే కంపెనీ వాళ్ళిచ్చే ఓఎన్‌టీ డబ్బాలోనే (ఫైబర్ తీగ వచ్చి కలిసేది దీనికే) మామూలుగా మోడెమ్ పని, వైఫై రెండూ ఉంటాయి. చిన్న ఇల్లైతే అదే చాలు, ఊరికే డబ్బులు తగలేయకండి. కాకపోతే అందులో 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ ఉందో లేదో చూడండి, 2.4 ఒక్కటే ఉంటే అపార్ట్‌మెంట్లో పక్కిళ్ళ వైఫైలు అడ్డుపడి స్పీడు పడిపోతుంది.

మా ఇంట్లో డబ్బా హాల్లో టీవీ వెనక బిగించారు, వెనక బెడ్రూమ్‌లో వీడియో కాల్ ఆగిపోయేది, అప్పుడు వేరే రౌటర్ కొని లాన్ కేబుల్ లాగి మధ్య గదిలో ఎత్తుగా పెట్టాం, ఇప్పుడు హాయిగా ఉంది.

అలా పెట్టేటప్పుడు ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి (అంటే రౌటర్ పని కొత్తదానికి వదిలేసే సెట్టింగ్‌లోకి) మార్చమని కస్టమర్ కేర్‌కి చెప్పండి, పీపీపీఓఈ (నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాళ్ళు ఇస్తే కొత్త రౌటర్‌లో వేయాలి. అన్నట్టు ఓఎన్‌టీ మీద లాస్ (LOS, సిగ్నల్ అందట్లేదని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతుంటే ప్రాబ్లం ఫైబర్‌లో, రౌటర్ మార్చినా లాభం లేదు.